బోణీ వేళకి వచ్చే మనిషి

ఈ చుట్టుపక్కల నాకంటే తెలివితక్కువవాడు లేడని నోటిమాటగా చెప్పి ఊరుకోలేదు నేను. నాలుగంతస్తుల భవనం కట్టి చూపించాను. కాశీబుగ్గ రోడ్డు మీద నిలబడి తల పైకెత్తితే కనిపిస్తుంది. దానికి లిఫ్టు కూడా పెట్టించాను. పై అంతస్తులో ఏసీ ఫంక్షన్ హాలు, అందులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చోవడానికి బంగారు రంగు కాళ్ళున్న ఎర్ర సోఫా. జీడిపప్పు కోసం వచ్చే వ్యాపారి పొద్దున్న పలాసలో రైలు దిగి, సరుకు చూసి, లారీకెక్కించి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయే ఊరు మాది. అలాంటి ఊళ్ళో రాత్రి ఉండిపోయేవాళ్ళ కోసం పాతిక గదులు కట్టాను. ఇంతటి పని చెయ్యడానికి గుండె కావాలి. బుర్ర అక్కర్లేదు.

అప్పట్లో సముద్రం ఒడ్డున పోర్టు వస్తుందన్నారు. విమానాలు దిగుతాయన్నారు. ఉద్దానం కొబ్బరితోటలు చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తారన్నారు. అన్నవాళ్ళలో ఒక్కడు కూడా ఇటుక కొనలేదు. నేను కొన్నాను. మా నాన్న బట్టలకొట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని, "చుట్టాలొస్తారని తెలిస్తే బియ్యం కడుగుతారు గానీ, చుట్టాలు పుడతారని తెలిసి కూడా ఎవరూ కడగరురా" అన్నాడు. ఆయనకి వ్యాపారం తెలుసుగానీ అభివృద్ధి తెలియదని నవ్వుకున్నాను.

ఇంత నష్టంలోనూ ఒక్క బేరం తలుచుకుని మాత్రం లోలోపల మీసం తిప్పుకునేవాణ్ణి. కొత్త హోటలుకి ఐదేళ్ళపాటు ఆస్తిపన్నులో సగమే కట్టేలా రాయితీ సంపాదించాను. దానికి బదులుగా నేనిచ్చింది రోజుకొక గది. అదీ కింది అంతస్తులో, జనరేటరు పక్క గది. ఇంతకంటే చవగ్గా ఎవడైనా ప్రజాప్రతినిధిని కొన్నాడా అనుకునేవాణ్ణి.

ఆ బేరం నాతో కుదుర్చుకున్న మనిషి మొన్న మాఘమాసంలో పోయాడు. మా వార్డు కౌన్సిలరు. పేరు రాయను. పేరు రాస్తే ఏ పార్టీ అని అడుగుతారు. పార్టీ చెబితే మిగతాది చదవరు.

ముందు ఆయన పాదాలు గుర్తొస్తాయి నాకు, తర్వాతే మొహం. ఎందుకంటే నేను కొట్టు షట్టరు ఎత్తేటప్పుడు అది జానెడు లేవగానే మెట్టు మీద ఆ పాదాలు కనిపించేవి. అరిగిన రబ్బరు చెప్పులు, వేళ్ళ మధ్య ఇసక. ఉద్దానంలో సముద్రం వైపు ఆయనకి కొబ్బరితోట ఉండేది. తెల్లవారకముందే మోటారు సైకిలు మీద అక్కడికి వెళ్ళి, చెట్లని పలకరించి, తిరిగి వస్తూ ఎవడి కొట్టు ముందైనా నిలబడేవాడు. షట్టరు ఇంకొంచెం లేస్తే పంచె, ఇంకొంచెం లేస్తే భుజం మీద తువ్వాలు, చివరికి నవ్వు.

"ఏటి బావా, బోణీ అయ్యిందేటి?"

షట్టరే ఇంకా పూర్తిగా లేవలేదని ఆయనకి కనిపిస్తూనే ఉండేది. అయినా అడిగేవాడు.

కొట్లో పుట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే మొదట వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదు. పంపితే ఆ రోజంతా వ్యాపారం పాడు. రేటు కుదరకపోయినా, రూపాయి నష్టమొచ్చినా, ఏదో ఒకటి చేతిలో పెట్టి, ఆయన ఇచ్చిన డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వెయ్యాలి. అదే వేళలో అరువూ ఇవ్వకూడదు, ఊరికేనూ ఇవ్వకూడదు. కొట్టు పెట్టినవాడికి రోజు మొత్తం మీద బలహీనమైన ఘడియ ఏదంటే అదే. ఆయన తాతముత్తాతలు రైతులే గానీ, ఆ ఘడియ సంగతి మాకంటే బాగా తెలుసు. చందాలకి, సిఫారసులకి, తగువు తీర్పులకి, అన్నిటికీ అప్పుడే వచ్చేవాడు. మధ్యాహ్నం ఎదురుపడితే ఏమీ అడిగేవాడు కాదు. "నాను బేరమాడను బావా, బోణీ సేత్తాను" అనేవాడు.

ఒకసారి తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరిచెట్లన్నీ నేలకి పడుకున్న మర్నాడు, మా నాన్న షట్టరెత్తుతుంటే ఈయన నిలబడి ఉన్నాడు. బట్టలు తడిసి ఒంటికి అతుక్కున్నాయి. ఆయన తోట కూడా పోయిందని అప్పటికి మాకు తెలియదు. వంద నోటు బల్ల మీద పెట్టి, "దుప్పట్లు" అన్నాడు. ఎన్ని అని నాన్న అడిగాడు. "బేలు" అన్నాడు. నాన్న ఆ నోటుని చూశాడు, ఆ మనిషిని చూశాడు, వీధిని చూశాడు. వీధిలో ఇంకొకడెవడైనా ముందొచ్చి ఉంటే బాగుండేదని చూశాడన్నమాట. ఎవరూ లేరు. నోటు కళ్ళకద్దుకుని, కట్టు విప్పని దుప్పట్ల మూట, బేలు మొత్తం, దింపించాడు. ఆ రోజు మొదలు మా ఇంట్లో ఆయనకి 'వంద రూపాయల బేలు' అని పేరు.

ఇంకొకటి. అడగడానికి వచ్చిన చోట టీ తాగేవాడు కాదు. ఎంత బతిమాలినా గ్లాసు ముట్టేవాడు కాదు. "నీ టీ తాగినాక నా నోరు నీదైపోద్ది" అనేవాడు. కొట్టు దాటి రోడ్డవతల బడ్డీ దగ్గర తన డబ్బుతో తాగి, అక్కణ్ణించి మాకేసి గ్లాసెత్తి చూపించేవాడు.

నా హోటలు రెండో స్లాబు పడిన రోజులు. కొత్తగా హోటళ్ళు కట్టేవాళ్ళకి కొన్నేళ్ళు పన్ను తగ్గిస్తే ఊరు పెరుగుతుందన్న ఆలోచన కౌన్సిల్లో నలుగుతోంది. ఎవరో ఒకరు పూనుకుని, మిగతా సభ్యుల ఇళ్ళచుట్టూ తిరిగి, తీర్మానం చేయించి పైకి పంపితే తప్ప అది నడవదు. నేను మిఠాయి పొట్లాలతో కౌన్సిలరు ఇంటికి తిరిగాను. ఆయన పొట్లాలు తిరిగి నా చేతికే ఇచ్చి "సూద్దాం" అనేవాడు. ఒక పొద్దున్న ఆయనే వచ్చాడు. షట్టరెత్తేసరికి పాదాలు.

"బోణీ అయ్యిందేటి బావా?"

"ఎక్కడ కౌన్సిలరు గారూ, ఇప్పుడే కదా." బేరం వాసన వస్తే నేను బావా అనడం మానేసి కౌన్సిలరు గారూ అంటాను.

యాభై రూపాయల నోటు బల్ల మీద పెట్టాడు. "ఒక గది ఇయ్యి."

"నా స్లాబే ఇంకా ఆరలేదు!"

"ఆరినాకే ఇయ్యి. రోజుకొకటి. పొద్దున్నే అందరికన్నా ముందు నీ గుమ్మం తొక్కినోడికి ఇయ్యి. ఆడు ఎంతంటే అంత. మారు మాటాడొద్దు."

"వాడు ఐదు రూపాయలంటే?"

"బోణీ కదేటి. అయిదే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "పొద్దున్న మొదటి బస్సుకి ఎవులు దిగుతారు బావా ఈ ఊర్లో?" అని అడిగాడు.

ఆ సంగతి నాకు తెలుసు. అందరికీ తెలుసు. ఉద్దానం ఊళ్ళ నుంచి, కిడ్నీలు చెడిపోయినవాళ్ళు, ఇక్కడి ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకోడానికి, డయాలసిస్‌కి, దిగుతారు. వాళ్ళ పక్కన ఒక చేతిసంచీతో పెళ్ళామో, కొడుకో. పొద్దున్న షిఫ్టు అయ్యాక నిలబడే ఓపిక ఉండదు. తిరుగు బస్సు దాకా ఎక్కడో ఒకచోట వాలాలి.

"మా అన్నకి మొదటిసారి డయాలసిసు పెట్టించినప్పుడు, నాను రావడం ఆలీసమైపోనాది" అన్నాడు తువ్వాలు మడతపెడుతూ. "బస్సు కాంప్లెక్సులో సిమెంటు బల్ల కింద, నేల మీద పడుకుండిపోనాడు. పక్కన ఒక కుక్క. రెండు పేణాలూ ఒకేలాగ వణుకుతన్నాయి. నాను ముందు కుక్కని తోలినాను బావా. అన్నని తరవాత లేపినాను. ఎందుకలగ సేసినానో నాకు తెల్దు."

తర్వాత ఆ అన్న సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

"ఇది తీర్మానంలో రాస్తారా?" అని అడిగాను.

"రాయను. కాయితమ్మీద ఎడితే నువ్వు సందులు ఎతుకుతావు. ఇది బోణీ. బోణీని కాదన్న కొట్టోణ్ణి నాను ఇంతవరకూ సూణ్ణేదు."

నేనప్పటికే లోపల లెక్కేసుకున్నాను. తగ్గే పన్ను ఎంత, పోయే గది ఎంత. లాభం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. లాభం కనిపించినప్పుడు మొహం దిగులుగా పెట్టడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. దిగులుగా పెట్టి, ఇంకో షరతు కూడా లాగాను. "ఈ గది సంగతి బయట ఎక్కడా అనకూడదు. రోగులొచ్చే హోటలని తెలిస్తే పెళ్ళివాళ్ళు నా హాలు మెట్లెక్కరు."

"ఎక్కడా అన్ను" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటా ఇచ్చేముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేనైతే కనీసం ఒక టీ అడిగేవాణ్ణి.

తీర్మానం నెగ్గింది. పైవాళ్ళు సరేనన్నారు. హోటలు తెరిచాను. గాజు తలుపులు పెట్టించినా, పుట్టుబుద్ధి కొద్దీ వాటి ముందు ఒక షట్టరు కూడా వేయించాను. రాత్రి అది దించితే గానీ నాకు నిద్రపట్టదు, పొద్దున్న అది నా చేత్తో ఎత్తితే గానీ హోటలు నాదనిపించదు. ఎత్తగానే, ఆయన చెప్పినట్టే, మొదటి బస్సువాళ్ళు మెట్టు మీద ఉండేవారు. నందిగాం నుంచి ఒకరు, సోంపేట అవతల నుంచి ఒకరు. "గది ఎంత బాబూ?" అని భయంగా అడిగేవారు. "మీరెంతంటే అంత" అంటే, మోసమేమోనని వెనక్కి తగ్గేవారు. కొందరు ముప్పై అన్నారు. ఒకాయన ఇరవై అని చెప్పి, నేను ఒప్పుకున్నందుకు మరీ ఎక్కువ చెప్పానేమోనని రోజంతా బాధపడ్డాడు. వచ్చినవాళ్ళెవరూ ఊరికే మాత్రం అడగలేదు.

నేను మాత్రం తెలిసినవాళ్ళ దగ్గర, గుట్టు చెప్పకుండానే, "ఏదో ఒక గది ఖర్చు నన్ను ముంచేస్తోంది" అని నిట్టూర్చేవాణ్ణి. వ్యాపారస్థుడు బాగుందని చెప్పకూడదు.

తర్వాత మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఎదుటి పక్షంవాళ్ళకి ఆయన మీద చెప్పడానికి వేరే ఏమీ దొరకలేదు. హోటలు దొరికింది. మన ఇళ్ళకి పన్ను పెరుగుతుంటే సావుకారి మేడకి సగం తగ్గిందేం? ఊరికే చేశాడా? వాటా ఉంది. పైనున్న హాలు ఆయనదే. ఆ ఎర్ర సోఫా ఆయన కొనిచ్చిందే. రోజుకొక కొత్త కథ. ప్రశ్న సబబైనదే. అలాంటి రాయితీ గురించి ఎవరైనా అడగాల్సిందే. జవాబు మాత్రం ఇద్దరి దగ్గరే ఉంది. ఒకరు అననని మాటిచ్చారు. రెండోవాడు నేను.

ఆయన ప్రచారానికి వెళ్తూ బడ్డీ దగ్గర ఆగినప్పుడు, చుట్టూ పదిమంది చేరి అడిగారు. ఆయన టీ ఊదుకుంటూ, "నాకేటీ నేదు నాయనా" అని మాత్రం అన్నాడు. నాకు పౌరుషమొచ్చింది. ముందుకెళ్ళాను.

"ఈయన నా దగ్గర పైసా తీసుకోలేదు. నా టీ కూడా తాగలేదు" అన్నాను.

"మరి ఊరికే సేసినాడంటావేటి సావుకారూ?" అన్నాడు ఒక ముసలాయన.

ఊరికే కాదు. ఆ మాట నా నాలిక చివర ఉంది. కింది గది, మొదటి బస్సు, యాభై నోటు, అన్నీ ఉన్నాయి. వాటి వెనకే నా ఫంక్షన్ హాలు కూడా ఉంది. మాఘమాసం ముహూర్తాలకి అడ్వాన్సులు తీసుకునే రోజులవి.

"ఊరికే" అన్నాను. "నా పిల్లల మీద ఒట్టు."

కూరల సంచీతో నిలబడ్డ ఒకావిడ ముక్కుమీద వేలేసుకుంది. "ఓలమ్మా! మొన్న నాకు సీర అమ్మినప్పుడూ ఇదే ఒట్టు కదేటి, కొన్న రేటుకే ఇచ్చేత్తన్నానని! ఆ పిల్లలు బాగున్నారా సావుకారూ? సలవగా ఉన్నారా?"

బడ్డీ అంతా గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. కౌన్సిలరు కూడా నవ్వాడు. టీ ఒలికిపోయేంతగా నవ్వి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నా జీవితంలో నేను వేసిన ఒట్లలో బహుశా అదొక్కటే ముప్పాతిక నిజం. దాన్ని ఎవడూ కొనలేదు. సరుకు మంచిదే, కొట్టుకి పేరు లేదు.

స్వల్ప తేడాతో ఓడిపోయాడు. నేను సాక్ష్యం చెప్పకపోయి ఉంటే గెలిచేవాడేమోనని కొందరన్నారు.

మర్నాడు షట్టరెత్తితే పాదాలు అక్కడే ఉన్నాయి. "నీ ఒట్టుకి రేటు పడిపోనాది బావా" అన్నాడు నవ్వుతూ. "నిలవ సరుకైపోనాది."

"గది సంగతి మీరే చెప్పేయొచ్చు కదా" అన్నాను. నిష్ఠూరంగా అన్నాను, తప్పు ఆయనదైనట్టు.

"ఎక్కడా అన్ను అని నీకు మాటిచ్చినాను కద." కాసేపు వీధి చూసి, "అయినా ఆ గదిలో పడుకున్నోల్ల పేర్లు బయటికొత్తే ఆల్ల ఇల్లల్లో పిల్లలకి సంబంధాలు రావు బావా. ఇప్పటికే ఉద్దానం అంటే పిల్లనియ్యడానికి ఎనకాడతన్నారు. నా సీటు కోసరం ఆల్ల పెళ్ళిల్లు సెడగొట్టమంటావేటి" అన్నాడు.

పదవి పోయాక కూడా బోణీ వేళ మానలేదు. ఎవడిదో పింఛను కాగితమో, ఎవరి కాలవ గొడవో పట్టుకుని అందరి షట్టర్ల ముందూ అలాగే నిలబడేవాడు. "ఇప్పుడు నాను ఉత్త మనిసిని, రేటు తక్కువ" అనేవాడు. మేం మాత్రం కాదనలేకపోయేవాళ్ళం.

తర్వాత ఒక వేసవి పొద్దున్న హోటలు షట్టరు జానెడు లేపి ఆగిపోయాను. పాదాలు ఆయనవే, ఇసక ఉంది. కానీ ఉబ్బి ఉన్నాయి. చెప్పు పట్టీలోకి వేళ్ళు దూరక, చెప్పుల్ని పక్కనపెట్టి ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు. ఉద్దానం పక్కన బతికేవాళ్ళం, పాదాలు చూసి కిడ్నీల సంగతి చెప్పగలం. షట్టరు మిగతాది ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయనే బయటినుంచి ఎత్తాడు.

"గది గావాల బావా."

"ఎవరికి?"

"మొదటి సిఫ్టు." యాభై నోటు తీశాడు. "నాకే."

నేను నోటు తోసేశాను. నా దగ్గర డబ్బేమిటి బావా, పై గది తీసుకో, ఏసీ గది తీసుకో అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. నేను చూసిన ఒకే ఒక్క కోపం అది. "బోణీ వేళ ఊరికే ఇత్తావా? కొట్టోడి కడుపునే పుట్టినావా నువ్వు?" నోటు నా చేతిలో పెట్టి, నేను కళ్ళకద్దుకునేదాకా కదల్లేదు.

కొబ్బరి తోట ఉన్న మనిషికి బొండం నీళ్ళు తాగొద్దన్నారు డాక్టర్లు. తుపాను తర్వాత నాటిన చెట్లు అప్పుడప్పుడే కాపుకొచ్చాయి. బొండాలు కోయించి ఆటోలో వేసుకొచ్చి, రోగులకి తోడుగా వచ్చినవాళ్ళకి కొట్టించి ఇచ్చేవాడు. వాళ్ళు తాగుతుంటే ఎదురుగా కూర్చుని, గొంతు కదలడం చూసేవాడు. "తియ్యగున్నాయేటమ్మా?" అని అడిగేవాడు. తియ్యగున్నాయంటే, చెట్టు ఏ వరసలోదో చెప్పేవాడు.

ఒక పొద్దున్న ఆయనా, జలంత్రకోట నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలూ ఒకేసారి మెట్టెక్కారు. ఆయన ఒక అడుగు ముందున్నాడు. వెనక్కి తిరిగి ఆ కుర్ర మొగుణ్ణి చూసి, ఆ అడుగు వెనక్కి వేశాడు. "ఆల్లే ముందొచ్చినారు బావా" అన్నాడు. ఇద్దరికీ రెండు గదులిస్తానన్నాను. ఒప్పుకోలేదు. రోజుకి ఒక బోణీయేనట, రెండోది దానమట, దానానికి ఆయన రాలేదట. షిఫ్టయ్యాక వచ్చి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. వొణుకుతున్నాడు. ఆ బల్ల కింద పడుకున్న ఆయన అన్న నాకు గుర్తొచ్చాడు. లాక్కెళ్ళి లిఫ్టెక్కించాను. ఖాళీగా పడున్న ఫంక్షన్ హాల్లో, వేదిక మీదున్న ఎర్ర సోఫా మీద పడుకోబెట్టాను.

దుప్పటి కప్పుతుంటే కళ్ళు తెరవకుండానే, "పెళ్ళికొడుకునైపోనాను బావా" అన్నాడు.

పడుకుంటే పడుకున్నాడు, ఊరుకున్నాడా? తర్వాతి వారం కింద గది నిండాక వచ్చిన ఒక ముసలమ్మకి లిఫ్టు చూపించాడు. ఆ తర్వాత ఇంకొకరికి. "పైన ఖాళీగా ఉన్నాదమ్మా, సోఫా మీద మాత్రం పడుకోకండి, అది నాది." చూస్తుండగానే వేదిక ముందు చాపలు పరిచారు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో హాలు మొత్తం బస్సు టైము దాకా వాళ్ళదే. ఒక్క గదికని మాటిచ్చి, నాలుగో అంతస్తు దాకా పోయాను. ఒంట్లో రక్తం లేని మనిషి కూడా నాతో బేరంలో గెలిచాడు.

ఆఖరిసారి మాట్లాడింది సాయంత్రం పూట. ఆటో కోసం కింద కూర్చున్నాడు. సన్నబడిపోయాడు. తువ్వాలు భుజమ్మీద నిలవక జారిపోతోంది.

"మార్చితో నీ అయిదేల్లూ అయిపోతాయి కద" అన్నాడు.

"అవును."

"పన్ను మొత్తం కట్టాల."

"అవును."

గది సంగతి అడుగుతాడని తెలుసు. రాయితీ అయిపోతే బేరమూ అయిపోయినట్టే. కొత్తగా ఒక పెద్ద కంపెనీవాళ్ళు కింది అంతస్తు అడుగుతున్నారని కూడా ఆయనకి తెలుసు, ఊళ్ళో ఆయనకి తెలియనిది లేదు. నేనే ముందు నోరు జారాను. "చూద్దాంలే బావా" అన్నాను.

ఆయన చిన్నగా నవ్వాడు. "సూద్దాం అంటే మీ కొట్టోల్ల బాసలో నేదనే కదా." ఆటో వచ్చింది. నా భుజం పట్టుకుని లేచాడు. చెయ్యి చీపురుపుల్లలా ఉంది. "ఇప్పుడడగను. సందేల అడిగితే నువ్వు గెలుత్తావు. రేపు బోణీ వేళకి వత్తాను."

మర్నాడు షట్టరెత్తితే మెట్టు మీద వేరే ఎవరివో పాదాలున్నాయి. ఆయన రాలేదు. ఆ వారమంతా ఆసుపత్రిలోనే ఉన్నాడు. తర్వాత పోయాడు. ఊరేగింపులో రెండు పార్టీల జెండాలూ ఉన్నాయి. వాటా ఉందన్నవాళ్ళు కూడా భుజం పట్టారు. నేను కూడా పట్టాను. బరువు లేదు.

దినాలు అయిపోయిన తర్వాత, ఒక పొద్దున్న హోటలు షట్టరు జానెడు లేపాను. ఆడవాళ్ళ పాదాలు. మెట్టెలు తీసేసిన వేళ్ళ మీద తెల్లటి గుర్తులు. వేళ్ళ మధ్య ఇసక.

ఆయన భార్య. మొదటి బస్సువాళ్ళకంటే ముందొచ్చింది. చేతిలో సంచీ, సంచీలో రెండు బొండాలు. ఆయన నన్ను బావా అనేవాడు గనక ఈవిడ నన్ను అన్నయ్యా అంటుంది.

"బోణీ అయ్యిందేటన్నయ్యా?"

అవలేదని తలూపాను. కొంగు ముడి విప్పి, యాభై నోటు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆసుపత్రిలో అదే పనిగా అన్నాడు. బోణీ వేళకి వత్తానని బావకి సెప్పినాను, ఎల్లాల, ఎల్లాల అని. ఆయన రానేపోనాడు కద. మాట పోద్దని నాను వచ్చినాను."

"ఏమడగమన్నాడమ్మా?"

ఆవిడ కంగారుపడింది. "ఏటడగాలో నాకు సెప్పనేదన్నయ్యా. నాను ఎన్నిసార్లో అడిగినాను. బావకి తెలుసు, నువ్వు నోటు పెట్టి నిలబడు సాలు, అన్నాడు." నా మొహంలోకి చూసింది. "ఏటన్నయ్యా అది? ఏదైనా బాకీయా?"

బాకీయేనమ్మా అన్నాను. నోటు తీసుకుని కళ్ళకద్దుకున్నాను. ఆవిడ వెనకాల మొదటి బస్సువాళ్ళు మెట్ల దగ్గరికి వస్తున్నారు. ఆవిడని కూర్చోబెట్టి టీ తెప్పిస్తానన్నాను. వద్దంది. వెళ్ళేటప్పుడు బొండాలు బల్ల మీదే పెట్టి, "మూడో వరస సెట్టువి" అంది.

ఆవిడ వెళ్ళాక కూర్చుని లెక్క వేశాను. నాకెవరూ చెప్పకుండా, ఎవరికీ చూపించనవసరం లేకుండా వేసిన లెక్క నా బతుకులో ఇదొక్కటే. ఐదేళ్ళలో నాకు తగ్గిన పన్ను ఒక పక్క. బోణీ గదిలో పోయిన అద్దె, పైహాల్లో తిరిగిన ఫ్యాన్లు, ఉతికించిన దుప్పట్లు, లిఫ్టు కరెంటు ఇంకో పక్క. సబ్బుబిళ్ళ కూడా వదల్లేదు. ఆ గది నన్ను ముంచేస్తోందని నిట్టూర్చానే, ముంచలేదు. అన్నీ పోను మిగులు నా వైపే ఉంది. రోగులున్నారని తెలిసి మానుకున్న పెళ్ళివాళ్ళు: లేరు. తెలియనప్పుడూ పెద్దగా రాలేదు. నా హాలు పేరు కాపాడ్డానికి ఆయన పోగొట్టుకున్న సీటు: ఒకటి. ఆయన తాగిన టీలు: లేవు. మార్చి తర్వాత పన్ను పూర్తిగా కట్టాలి, కడతాను. గది ఉంటుంది. రేటు, వచ్చినవాళ్ళు చెప్పినంత. ఈ రోజు బోణీ యాభై రూపాయలు, ముట్టింది.

ఇదీ అసలు లెక్క. ఒట్టు మాత్రం వెయ్యను.